పాట తెగిన చోట

మా తమ్ముడి ఇంట్లో టీవీ లేదు. సౌదీలో, ధహ్రాన్‌లో వాళ్ల కంపెనీ ఇచ్చిన ఇల్లు అది. ముందు పచ్చిక, వెనక రెండు ఖర్జూరం చెట్లు, హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఒక చెక్క గుర్రం. ఏడేళ్లదొకతె, అయిదేళ్లదొకతె, ఇద్దరు కూతుళ్లు వాడికి. వాళ్లు ఫోన్లు ముట్టుకోకూడదు. వాళ్లమ్మ వంట చేస్తూ ఏదైనా పాట పెట్టుకున్నా చెవుల్లో పెట్టుకోవాల్సిందే తప్ప పైకి వినపడకూడదు. ఇంత కట్టడిలో పెరుగుతున్న పిల్లలు నేను దిగిన రోజు మధ్యాహ్నమే సోఫా ఎక్కి, జుట్టు విరబోసుకుని, ఏ దేశపు భాషో ఎవరికీ తెలియని ఒక పాట మొదలుపెట్టారు. చేతులు ఇటు, నడుము అటు, మధ్యలో ఒకసారి వేళ్లతో గాల్లో ఏదో బొమ్మ గీయడం. పాట అంతా రాదు వాళ్లకి. ఓ ముక్క వచ్చు. ఆ ముక్క అయిపోగానే మళ్లీ మొదటికి. స్కూలు బస్సులో పెద్దపిల్లలు పాడుతుంటే పట్టేసుకున్నారని, నెల రోజులుగా అన్నం తింటున్నా స్నానం చేస్తున్నా ఇదే గోలని మా మరదలు నవ్వుతూ వాపోయింది. నేనూ నవ్వాను. ఇంతలో తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చాడు. కారు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి పిల్లల్ని చూశాడు. తిట్టలేదు. వెళ్లి చేతులు కడుక్కోండమ్మా అన్నాడంతే. కానీ వాడి మొహంలో నాకు కనపడింది వాళ్లావిడకి కనపడి ఉండదు. వాడు నాలుగేళ్ల పిల్లాడుగా ఉన్నప్పటి మొహం అది, నాకు తెలుసు.

నేను ఊరికే చుట్టపుచూపుగా రాలేదు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. పాలకొల్లులో ఆవిడ ఇనప్పెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున తెల్ల యూనిఫారాల మడతల మధ్య, దిండు గలీబులో చుట్టిన ఒక ఆడియో క్యాసెట్టు దొరికింది. చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అబద్ధమెందుకు, భయమేసింది. రెండు రోజులు దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగాను. తర్వాత రాజమండ్రిలో పాత క్యాసెట్లని ఫోన్లోకి ఎక్కించే ఒకాయన ఉన్నాడంటే తీసుకెళ్లి ఎక్కించుకొచ్చాను. ఆయన పని చేస్తున్నంతసేపూ నేను వీధిలో నిలబడ్డాను. లోపల ఉంటే వినాల్సి వస్తుంది. మా తమ్ముడు పక్కన లేకుండా దాన్ని వినకూడదని ఎందుకో అప్పుడే అనుకున్నాను. వాడు పక్కన ఉన్నా వింటాడన్న నమ్మకం మాత్రం లేదు.

మేం పెరిగింది ఇక్కడికి రెండు గంటల దూరంలో, హుఫూఫ్‌లో. అమ్మ అక్కడ ఆస్పత్రిలో నర్సు. మా బిల్డింగు నిండా నర్సులూ డ్రైవర్లూ ల్యాబువాళ్లూ. మెట్ల మీద ఒక్కో అంతస్తుకి ఒక్కో వాసన ఉండేది. కింద ఫిలిప్పీన్సువాళ్ల వెల్లుల్లి, మధ్యలో మలయాళీల కొబ్బరినూనె, పైన మా ఇంటి ఎండు మెత్తళ్లు. మెత్తళ్లు వేయించిన రోజు అమ్మ తలుపు కింద తడిగుడ్డ పెట్టేది, అయినా ఎవరో ఒకరు తుమ్ముకుంటూ వెళ్లేవారు. కిటికీకి బిగించిన ఏసీ పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉండేది. అది ఆగితే మాకు మెలకువ వచ్చేసేది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి నల్ల అబాయా తీసి మేకుకి తగిలిస్తే లోపల తెల్ల యూనిఫారం, దాని నిండా డెటాల్ వాసన. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. స్నానం చేసి వచ్చాకే ఒళ్లోకి తీసుకునేది. ఆ స్నానం అయ్యేదాకా బాత్రూం తలుపు దగ్గర కాచుకు కూర్చోవడం మా తమ్ముడి పని.

మాది పాటల ఇల్లు కాదు. అంటే సినిమా పాటల ఇల్లు కాదు. ఊళ్లో ఉన్నప్పుడే మా నాన్న చర్చిలో సంఘపెద్ద, మా ఇంట్లో రేడియో వార్తలకి తప్ప నోరు తెరిచేది కాదు. హుఫూఫ్‌లో ఆ వార్తలూ లేవు. అక్కడ చర్చిలు లేవు, మా ప్రార్థన బయటికి వినపడకూడదు. శుక్రవారాలు ఇద్దరు ముగ్గురు తెలుగు నర్సులు టీ తాగడానికి వచ్చినట్టు వచ్చి, తెర వేసుకుని, గొంతు పెగలకుండా కీర్తన పాడుకునేవాళ్లు. గుసగుసగా పాడే పాటలే మాకు తెలిసిన పాటలు. గట్టిగా పాడతారని నాకు చాలా ఏళ్లదాకా తెలియదంటే నమ్మండి. అమ్మ డ్యూటీకి వెళ్తే మేం ఎదురింటి ఖాలా దగ్గర ఉండేవాళ్లం. ఖాలాది హైదరాబాదు, ఆవిడ భర్త, మా ఖాలూ, ఆస్పత్రి బస్సు నడిపేవాడు. అయిదు పూటలా నమాజు చేసే మనిషి, వాళ్లింట్లోనూ సంగీతం మాటెత్తడానికి లేదు. ఇటు చూస్తే అమ్మ, అటు చూస్తే ఖాలా. రెండు నిప్పుల్లాంటి ఇళ్ల మధ్య పెరిగిన మేం పాప్ పాట పిచ్చిలో పడ్డామంటే, దాన్ని మా ఇంట్లోకి తెచ్చింది ఎవరో కాదు, మా నాన్నే.

నాన్న కూడా మొదట మాతోనే వచ్చాడు, అమ్మ వీసా మీద. ఊళ్లో డ్రాయింగు మాస్టారు. ఇక్కడ ఆయనకి పని చేసే హక్కు లేదు. పొద్దున్నే లేచి అన్నం వండి, అమ్మకి క్యారేజీ కట్టి, నన్ను స్కూలు బస్సెక్కించి, చంటిపిల్లాడైన తమ్ముణ్ని భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. మెట్ల మీద మగవాళ్లు ఏం మాస్టారూ, డ్యూటీ అయిందా అని నవ్వుతూ అడిగేవారు. ఆ నవ్వు ఆయనకి పడలేదు. ఇకామా అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు. భార్య ఇకామా మీద తింటున్నాడని ఎవరో అన్నారని, ఆ రాత్రి అన్నం మానేశాడని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. తమ్ముడికి నడక రాకముందే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి వెళ్లిపోయాడు. వెళ్తూ, ఉత్తరాలు రాస్తే చిన్నోడికి అర్థం కాదు కదా, క్యాసెట్టులో మాట్లాడి పంపుతాను అన్నాడట.

అప్పట్లో మనవాళ్లందరిలో ఒక భయం ఉండేది. ఎయిర్‌పోర్టులో క్యాసెట్లు పెట్టి వింటారని, ప్రార్థన వినపడితే తీసేసుకుంటారని. ఎవరిది తీసుకున్నారో ఎవరూ చూసింది లేదు, అయినా అందరూ జాగ్రత్తపడేవారు. ఆ జాగ్రత్త ఏమిటంటే, క్యాసెట్టు మొదట్లో కాస్త సినిమా పాటో డిస్కో పాటో ఎక్కించి, తర్వాత నుంచి అసలు సంగతి రికార్డు చేసుకోవడం. విన్నవాళ్లు మొదటి రెండు నిమిషాలు విని పక్కన పడేస్తారని లెక్క. మా నాన్న పాలకొల్లు బజారులో క్యాసెట్ల కొట్టుకి, జీవితంలో మొదటిసారి, తలమీద తుండు కప్పుకుని వెళ్లాడట. ఏదైనా ఒక పాట కావాలి అన్నాడట. ఏ పాట మాస్టారూ అంటే, ఏదైతేనేం, లోకం పాట అన్నాడట. కొట్టువాడు అప్పుడు ఊరంతా మోగుతున్న ఒక హిందీ పాప్ పాట ఎక్కించి ఇచ్చాడు. నాన్న ఇంటికొచ్చి, రెండు నిమిషాలు చాలు, అంతకుమించి టేపు తగలెయ్యడమెందుకని పాటని చరణం మధ్యలో, పదం సగంలో టప్పున కోసేశాడు. ఆ టప్పు తర్వాత ఆయన గొంతు సవరించుకోవడం, వెనక ఫ్యాను కిరకిర, ఎక్కడో కోడి కూత, ఆపైన ప్రార్థన. మొట్టమొదటి ప్రార్థనలో మొదటి మాట, ముందున్న గోలకి నన్ను క్షమించు ప్రభువా అని.

క్యాసెట్టు ఒక్కటే. సెలవు మీద వెళ్లే నర్సు చేతికిచ్చి పంపేవాళ్లం, తిరిగొచ్చే నర్సు చేతికిచ్చి ఆయన పంపేవాడు. టప్పు తర్వాత నుంచి ఆయన మా మాటల మీద తన మాటలు, మేం ఆయన మాటల మీద మా మాటలు రికార్డు చేసేవాళ్లం. ముందున్న పాటని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా, అన్ని మాటలూ చెరిగిపోతున్నా, ఆ పాట ఒక్కటే చెరగకుండా ఉండిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటారు చూడండి, అలా అయింది ఆయన జాగ్రత్త.

క్యాసెట్టు వచ్చిన రోజు అమ్మ వంటింట్లోంచే కేకేసేది, నాన్న వచ్చాడు రండి అని. స్నానం చేసి, తల దువ్వుకుని, టేపురికార్డరు ముందు చాప వేసి మమ్మల్ని చెరోవైపు కూర్చోబెట్టుకుని మీట నొక్కేది. ముందు డ్రమ్ముల చప్పుడు, ఒక ఈల, తర్వాత వాడు. ఆ పాడేవాడి గొంతు ఎలా చెప్పను? కాస్త బొంగురు, కాస్త నిర్లక్ష్యం, మధ్యలో ఎవరికో కన్ను గీటినట్టు ఒక చిన్న నవ్వు. మేం వినే కీర్తనల్లో ఎవరూ అలా నవ్వేవారు కాదు. కూర్చున్న చోటే మా మోకాళ్లు కదిలేవి. అమ్మ కళ్లు మూసుకుని ఆ రెండు నిమిషాలూ వర్షంలో గొడుగు కింద నిలబడ్డట్టు ఓర్చుకునేది. టప్పు పడగానే ఆవిడ మొహం విచ్చుకునేది, మా మోకాళ్లు ఆగిపోయేవి. నాన్న పాపం మాట్లాడటం తెలిసిన మనిషి కాదు. మీరెలా ఉన్నారు, అన్నం తిన్నారా అని టేపుతో అడగడానికి సిగ్గుపడేవాడు. చెప్పాల్సిందంతా దేవుడితో చెప్పేవాడు, మేం పక్కనుంచి వినాలి. రూతుకి లెక్కల మీద మనసియ్యి ప్రభువా, వాళ్లమ్మ నడుము నొప్పి తగ్గించు ప్రభువా, అని. రూతంటే నేనే. గొంతు సంఘంలో నిలబడి ప్రార్థన చేసినట్టే ఉండేది, పెద్దగా, నెమ్మదిగా, గ్రాంథికంగా.

అమ్మ డ్యూటీకి వెళ్లిన మరుక్షణం మేం టేపురికార్డరు మీద పడేవాళ్లం. ఖాలా మా ఇంటికొచ్చి కూర్చుని కూరగాయలు తరుగుతూ చూడనట్టు ఊరుకునేది. మీ ఖాలూకి చెప్పకుండ్రి బిడ్డా, నన్ను సంపుతడు అని మాత్రం అనేది. మంచాల మధ్య జానెడు సందులో ఇద్దరం గెంతేవాళ్లం. టప్పు వచ్చేలోగా పరుగెత్తుకొచ్చి మీట నొక్కి వెనక్కి తిప్పాలి, అదే ఆట. ఆ పదం సగంలో తెగింది కదా, మిగతా సగం ఏమై ఉంటుంది, ఆ తర్వాత పాట ఎటు పోతుంది అని మేం పడ్డ తపన ఇంతా అంతా కాదు. మాకు హిందీ సరిగా రాదు. సొంతంగా కల్పించుకుని, మెత్తళ్లూ ఖుబ్జ్ రొట్టెలూ పెట్టి పాట పూర్తి చేసేవాళ్లం. అమ్మకి అంతా తెలుసు. ఏం చేస్తుంది? పాటని మానిపించాలంటే నాన్నని మానిపించాలి.

మా ఆటలో నాకు తెలియని సంగతి ఒకటుంది. తమ్ముడు ఒక్కోసారి గెంతడం మానేసి టేపురికార్డరు స్పీకరుకి బుగ్గ ఆనించి కూర్చునేవాడు, టప్పు పడగానే లేచిపోయేవాడు. పసివాడు, ప్రార్థనలో కూర్చోలేడు అనుకునేవాళ్లం. రోడ్డు మీద వెళ్లే టాక్సీలోంచి ఆ పాట వినపడితే ఆగిపోయి, టాక్సీ మలుపు తిరిగేదాకా చెయ్యూపేవాడు. అదీ పిల్లచేష్ట అనుకున్నాం.

నాన్న ఆఖరి క్యాసెట్టు వచ్చాక, మేం జవాబు రికార్డు చేసి పంపకముందే, ఆస్పత్రికి ఫోనొచ్చింది. స్కూల్లో బోర్డు మీద బొమ్మ వేస్తూ కూలిపోయాడట. గుండె. అమ్మకి పాస్‌పోర్టు, వెళ్లి రావడానికి కాగితాలూ చేతికొచ్చేసరికి అక్కడ సమాధి కూడా అయిపోయింది. ఎండాకాలం, శవాన్ని ఎన్నాళ్లు ఉంచుతారు? ఇప్పుడెళ్లి ఏం చూస్తానని అమ్మ ఆగిపోయింది. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, నాన్న దేవుడి దగ్గరికి వెళ్లిపోయాడు, ఇక రాడు అని చెప్పింది. తమ్ముడు తలూపాడు. క్యాసెట్టుని దిండు గలీబులో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆఖరి ప్రార్థనలో నాన్న అన్న మాట అప్పటికే నాకు నోటికొచ్చు. చిన్నోడు నన్ను మర్చిపోకుండా చూడు ప్రభువా అన్నాడాయన. ఆ మాట అనేటప్పుడు ఒక్కసారి గ్రాంథికం జారిపోయి మామూలు మనిషి గొంతు వచ్చింది.

అప్పటి నుంచి అమ్మకి అదొక్కటే బెంగ. తమ్ముడికి నాన్న మొహం తెలియదు, ఫొటోలో చూస్తే ఎవరో మీసాల మనిషి. ఆ గొంతొక్కటైనా గుర్తుంటే చాలు అని ఖాలాతో చెప్పుకుని ఏడవడం విన్నాను. కాస్త తేరుకున్నాక క్యాసెట్టు బయటికి తీసి, వాడికి వినిపిద్దాం అనుకుంది. అనుకున్న వారంలోనే హుఫూఫ్ బజారులో ఆ సంగతి జరిగింది.

ఖాలా, అమ్మ, మేమిద్దరం చెప్పుల కోసం వెళ్లాం. ఆ సందులో క్యాసెట్ల కొట్టొకటి ఉండేది, పాకిస్తానీ ఆయనది. మేం దాటుతుండగా లోపల ఆ పాట మొదలైంది. డ్రమ్ములు, ఈల, ఆ బొంగురు గొంతు. తమ్ముడు అమ్మ చెయ్యి విడిపించుకుని కొట్లోకి దూరి, వాడి ఎత్తుకి రెండింతలున్న స్పీకరుని రెండు చేతులతో వాటేసుకున్నాడు. కొట్టాయన నవ్వి, క్యా చాహియే బేటా అని కిందికి వంగాడు. అమ్మ వెళ్లి లాగబోయింది. వాడు రాలేదు. తల తిప్పి అమ్మ వంక చూసి, కోపంగా కాదు, ఓ పొరపాటు సర్దుతున్నట్టు అన్నాడు.

"నాన్న రాడన్నావు కదమ్మా. ఇక్కడున్నాడు. పాడుతున్నాడు చూడు."

పాట మేం ఎరిగిన చోటు దాటి ముందుకు పోయింది. టప్పు పడాల్సిన చోట పడలేదు. మిగతా సగం పదం వచ్చేసింది, ఇంకో చరణం వచ్చేసింది. ఇన్నాళ్లూ దానికోసం అల్లాడిన నేను ఒక్క ముక్క వినలేదు. టప్పు కోసం, ఆ తర్వాత వచ్చే దగ్గు కోసం, ఫ్యాను కిరకిర కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. రాలేదు. నాన్న పోయాడని నాకు తెలిసింది ఆ కొట్లో, అంతకుముందు కాదు.

నాన్న వచ్చాడు రండి అని అమ్మ పిలవడం, మీట నొక్కగానే ఆ గొంతు రావడం. వాడి తప్పేముంది? పాడేవాడు నాన్న. టప్పు తర్వాత ప్రార్థన చేసేవాడు ఎవరో అయ్యగారు, ఊళ్లో ఉండే పాస్టరు. ఇంట్లో ఖాలా అమ్మకి నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. అమ్మ అబద్ధం ఆడని మనిషి, మా స్కూలు ఫారంలో ఎత్తు కూడా ఒక అంగుళం ఎక్కువ రాయనిచ్చేది కాదు. వాడికి నిజం చెప్పేస్తానంది. ఖాలా అమ్మ చేతిలోని గ్లాసు తీసి కింద పెట్టి అంది.

"ఇప్పుడే చెప్పకు సిస్టర్. పోరనికి ఒక నాయిన పోయిండు. రెండో నాయినని గూడ నువ్వే ఎందుకు తీస్కపోతవ్?"

అమ్మ చెప్పలేదు. రేపు చెప్తాను, వాడు కాస్త పెద్దయ్యాక చెప్తాను అనుకుంటూ గడిపేసింది. క్యాసెట్టు మళ్లీ పెట్టెలోకి పోయింది, ఎందుకంటే పాట లేకుండా నాన్నని వినిపించడం చేతకాలేదు, పాటతో వినిపిస్తే నిజం చెప్పక తప్పదు. నాకు ఆవిడ మీద మండిపోయేది. ఎవడో కన్ను గీటే గొంతువాడు మా నాన్న చోట్లో కూర్చోవడమేమిటి? అంతకంటే ఎక్కువగా తమ్ముడి మీద అసూయ. వాడికి నాన్న బకాలా కొట్లో ఉన్నాడు, టాక్సీలో ఉన్నాడు, పక్కింటి కిటికీలో ఉన్నాడు. పాట వినపడ్డప్పుడల్లా వాడి మొహం వెలిగేది. నాకున్న నాన్న తాళం వేసిన పెట్టెలో ఉన్నాడు. వాడిలాగే నమ్మెయ్యాలని, వాడి పక్కన బకాలా కొట్టు స్పీకరుకి బుగ్గ ఆనించి ప్రయత్నించిన రోజులున్నాయి.

వాడికి ఎనిమిదేళ్లప్పుడు మేం శాశ్వతంగా ఇంటికి వచ్చేశాం. మా మేనమామ ఇంట్లో టీవీ ఉంది, కేబులు ఉంది. ఓ మధ్యాహ్నం పిల్లలందరం దాని ముందు కూర్చుని ఉంటే ఆ పాట వచ్చింది. బొమ్మతో. భుజాల దాకా జుట్టు, నల్ల కళ్లద్దాలు, గుండీలు విప్పిన చొక్కా, సముద్రపు ఒడ్డున అమ్మాయిల మధ్య గెంతుతూ ఇరవై రెండేళ్ల కుర్రాడెవడో పాడుతున్నాడు. అదే గొంతు. మధ్యలో ఆ చిన్న నవ్వు కూడా అదే. నేను తమ్ముడి వైపు చూశాను. కదలకుండా పాట చివరిదాకా చూశాడు. తర్వాత వచ్చిన సబ్బు ప్రకటన కూడా చూశాడు. లేచి వరండాలోకి వచ్చి నా పక్కన నిలబడి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"అక్కా, మరి నాన్న ఎవరు?"

అమ్మకి చెప్పాను. ఆవిడ చేతిలో పని పడేసి వచ్చి, పెట్టె తెరిచి, క్యాసెట్టు తీసి, మామయ్య టేపురికార్డర్లో పెట్టింది. పాటని ముందుకి తిప్పి టప్పు దగ్గర ఆపి మీట నొక్కింది. దగ్గు, ఫ్యాను, కోడి, నాన్న. వాడు కాసేపు విన్నాడు. ఈయన అయ్యగారు కదా అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు. చెప్పులేసుకుని ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడు పెట్టబోయినా గదిలోంచి లేచిపోయేవాడు. ప్రార్థనలో నాన్న అడిగింది ఒక్కటే, అది జరగలేదని అమ్మ చనిపోయేదాకా బాధపడింది. చివరి రోజుల్లో ఒకసారి నాతో, మర్చిపోవడానికైనా ముందు తెలిసుండాలి కదే అంది.

ఇప్పటి పిల్లలకి ఈ బాధ ఉండదని అనుకుంటాను. ఏ పాట కావాలన్నా పూర్తిగా దొరుకుతుంది, పాడినవాడి మొహం, పుట్టిన ఊరు, తిన్న తిండి అన్నీ దాంతోపాటే వస్తాయి. సగంలో తెగిన పాట అంటే ఏమిటో వాళ్లకి తెలియదు. నాకు ఈ వయసులో కూడా ఏ పెళ్లిలోనో పాత పాటల హోరులో అది వినపడితే, తెగాల్సిన చోట తెగకుండా ముందుకు పోతుంటే ఒళ్లు జలదరిస్తుంది. చుట్టూ జనం ఊగిపోతుంటారు, నేను ఒక దగ్గు కోసం ఎదురుచూస్తుంటాను. ఇంట్లో టీవీ పెట్టనిది పిల్లల చదువుల కోసమని తమ్ముడు అందరికీ చెప్తాడు. నాకు మామయ్య ఇంటి టీవీ గుర్తొస్తుంది.

క్యాసెట్టు సంగతి వచ్చిన మర్నాడే చెప్పాను. తర్వాత చూద్దాం అక్కా అన్నాడు. వాడి తర్వాత అంటే ఎప్పటికీ కాదని నాకు తెలుసు. శుక్రవారం హుఫూఫ్ చూపించమని అడిగితే పిల్లల్ని కూడా ఎక్కించుకుని బయల్దేరాడు. మా బిల్డింగు లేదు. అది ఉండాల్సిన చోట పెద్ద ఫార్మసీ, దాని ముందు కార్లు. ఖాలావాళ్లు ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయారు. దిగి నిలబడితే ఎండ తప్ప ఏమీ లేదు. ఖర్జూరాలు కొనుక్కుని తిరుగు ప్రయాణం పట్టాం. వెనక సీట్లో పిల్లలు ఆ ముక్క పాట వందసార్లు పాడి విసిగిపోయి, అత్తా, నీ ఫోన్లో పాటలేం లేవా అని అడిగారు. నేను తమ్ముడి వంక చూశాను. రోడ్డు వంకే చూస్తున్నాడు. వద్దనలేదు.

పెట్టాను. కారు స్పీకర్లలోంచి డ్రమ్ములు, ఈల, వాడు. పిల్లలకి విన్న మరుక్షణమే ప్రేమ పుట్టేసింది. బెల్టుల కింద నడుములు తిప్పుతూ, తెలియని మాటలకి తెలిసినట్టు నోరు కలుపుతూ ఊగిపోయారు. టప్పున తెగింది. దగ్గు, ఫ్యాను, కోడి. నాన్న ప్రార్థన మొదలుపెట్టాడు. పిల్లలు ఊగడం ఆపేశారు. పెద్దది సీట్ల మధ్యలోకి తల దూర్చి, స్పీకరునీ వాళ్ల నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"నాన్నా, ఇందులో నువ్వెందుకు మాట్లాడుతున్నావు?"

నేను ఉలిక్కిపడి విన్నాను. నిజమే. ముప్పై అయిదేళ్ల వయసులో మా నాన్న గొంతు, నలభై దాటిన మా తమ్ముడి గొంతు, ఒకటే. అదే నిదానం, మాట చివర అదే చిన్న విరుపు. వాడితో రోజూ ఫోన్లో మాట్లాడే నాకే ఇన్నేళ్లలో తట్టలేదు. తమ్ముడు కారుని మెల్లగా పక్కకి తీసి ఆపాడు. లారీలు కారుని ఊపుతూ పోతున్నాయి. చిన్నది కాళ్లు తపతపలాడించి, ఇది వద్దు అత్తా, ముందుది పెట్టు, పాట పెట్టు అని నా భుజం లాగింది. నా వేలు ఫోను మీదికి వెళ్లింది. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగమ్మా," అన్నాడు కూతురితో. "మా నాన్న మాట్లాడుతున్నాడు."